పాత టేపు, కొత్త ఫోను: ఒక్క పందిరి కిందికి తేవడమెలా?

– బి.ఎస్‌సి. తృతీయ సంవత్సరం విద్యార్థి

చలనచిత్రం తీయడం ఒకప్పుడు స్టూడియోల పని. నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఒక కెమెరా ఉన్నది. అయితే తీయడం సులువైనంత మాత్రాన, తీసినవాటిని కలపడం సులువు కాలేదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు యంత్రాలతో తీసిన బొమ్మలను ఒకే చిత్రంగా కూర్చాలంటే కొంత శాస్త్రం, కొంత లెక్క తెలియాలి. ఆ లెక్కను మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఒకనాడు ద్రాక్ష తోటలకు పేరు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పందిళ్ల నిండా వేలాడేవని మా తాత చెప్తుండె. ఇప్పుడు ఆ భూముల్లో చాలావరకు ప్లాట్లు, గోదాములు, అవుటర్ రింగు రోడ్డు కనిపిస్తాయి. పందిరి కింద మనుషులు ఎట్లా నడిచేవారో, గుత్తి ఎట్లా కోసేవారో చూడాలంటే పాత పెళ్లి క్యాసెట్లే దిక్కు. మా మిత్రులం కొందరం ఈ తోటల మీద ఒక చిన్న చిత్రం తలపెట్టినాము. మా చేతిలో ఉన్నవి మూడు రకాలు: మా ఇంటి పెట్టెలోని వి.హెచ్.ఎస్. పెళ్లి క్యాసెట్, ఒక బంధువు ఇచ్చిన మినీ డి.వి. టేపు, మేము ఇప్పుడు ఫోన్లతో తీస్తున్న దృశ్యాలు.

పల్లెను తెరకెక్కించే పని మన ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు జరిగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టెలివిజన్ చేరింది. తెలుగు కార్యక్రమాలకు హైదరాబాదే కేంద్రం. తరువాతి కాలంలో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు స్వయంగా కెమెరా పట్టి, తమ విత్తనాల గురించి, పంటల గురించి చిత్రాలు తీసినారు. చదువు లేనివారు సైతం చేసిన పని మనకు అసాధ్యం కాదు గదా!

1. ముందు కొలత తేల్చుకోవాలి

ఒకచోట భూమిని సెంట్లలో చెప్తారు, మన దగ్గర గుంటల్లో చెప్తాం. 100 సెంట్లన్నా 40 గుంటలన్నా ఎకరమే. కాని ఒకే కాగితం మీద రెండూ కలిపి రాస్తే తగాదా తప్పదు. వీడియోలో ఆ కొలత సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. మన టెలివిజన్ అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా పద్ధతిలో సుమారు 30, సినిమాలో 24. ఫోన్లు సాధారణంగా 30తో తీస్తాయి.

30ని 25లోకి ఇరికిస్తే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది. కదలని గోడ మీద అది తెలియదు. ట్రాక్టరు అడ్డంగా పోతే మాత్రం ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపిస్తుంది. మా నాయనకు ఈ సంగతి చెప్తే ఒక్క మాటలో తేల్చినాడు: “రెండు రకాల వడ్లు ఒక్క మడిల పోస్తె, ఒకటి కోతకొచ్చేటప్పటికి ఇంకొకటి పాల మీదుంటది బిడ్డా.”

అయితే ఏ కొలత ఎంచాలి? మళ్లీ తీయలేని దృశ్యం ఏ కొలతలో ఉందో అదే. పెళ్లి క్యాసెట్‌ను మళ్లీ తీయలేము. శామీర్‌పేట చెరువును రేపైనా తీయవచ్చు. కనుక 25నే ఎంచి, ఫోన్లను కూడా 25కు మార్చినాము. షట్టరును సెకనులో 50వ వంతు లేదా 100వ వంతుకు పెడితే ట్యూబులైటు కింద చారలు రావు. ఇంతకుముందే 30తో తీసిన ఆకులు, నీళ్ల వంటి శబ్దం అక్కరలేని దృశ్యాలను ఫ్రేములు పోకుండా 25తో నడిపించవచ్చు. 60 సెకన్లు 72 సెకన్లవుతాయి. నెమ్మదితనం కంటికి హాయిగానే ఉంటుంది.

2. టేపును దించడం

మినీ డి.వి. టేపు పుట్టుకతోనే డిజిటల్. ఫైర్‌వైర్ తీగతో ఉన్నదున్నట్టు నకలు తీసుకోవాలి. గంటకు సుమారు 13 జి.బి. అవుతుంది. వి.హెచ్.ఎస్. అట్లా కాదు, దాన్ని అంకెల్లోకి మార్చాలి. అడ్డం 720, నిలువు 576 చుక్కలు. చుక్కకు 2 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు 2,07,36,000 బైట్లు, అంటే గంటకు దాదాపు 75 జి.బి. ఎఫ్‌.ఎఫ్‌.వి.1 వంటి నష్టం లేని కుదింపుతో ఇది బాగా తగ్గుతుంది. స్థలం కోసమని మొదటిసారే గట్టిగా పిండేస్తే, పోయిన వివరం మళ్లీ రాదు. విత్తన వడ్లను దంచుకుని తినడం వంటిదే అది.

ఇంకొక సంగతి. పాల్ ఫ్రేము రెండు సగాలుగా, అంటే సరి గీతలు, బేసి గీతలుగా వస్తుంది. టేపును అట్లాగే దించి భద్రపరచి, గీతలు కలిపే పని నకలు మీద మాత్రమే చేయాలి. ఏ సగం ముందో తప్పుగా చెప్తే కదలికంతా వణుకుతుంది. మినీ డి.వి.లో కింది సగమే ముందు.

3. ఎడిటింగుకు వేరే రూపం

ఫోను ఫైలు కిరాణా దుకాణం ఖాతా వంటిది. అప్పుడొకటి అప్పుడొకటి పూర్తి ఫ్రేము రాసి, మధ్యలో “నిన్నటి మీద ఇంత” అని తేడాలే రాసుకుంటుంది. మధ్యలో కోయాలంటే కంప్యూటరు వెనక్కి పోయి లెక్కంతా కట్టాలి. అందుకే ఎడిటింగుకు ముందు ప్రోరెస్, డి.ఎన్‌.ఎక్స్‌.హెచ్‌.ఆర్. వంటి, ప్రతి ఫ్రేమూ స్వతంత్రంగా ఉండే రూపంలోకి మార్చుకోవాలి. ఫైలు పెద్దదవుతుంది గాని పని తేలికవుతుంది. కంప్యూటరు బలహీనమైతే చిన్న నకళ్లతో కూర్చి, చివర అసలువాటిని జోడించవచ్చు.

ఫోను వేగం నిలకడగా ఉండదు. దాన్ని స్థిరమైన వేగానికి మార్చకపోతే, పోను పోను పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. శబ్దమంతా 48,000 హెర్ట్జ్‌కు తేవాలి.

చివరి తెర 1920 × 1080. పాత బొమ్మను సాగదీయకుండా 1440 వెడల్పులో పెట్టి, అటూ ఇటూ నలుపు వదిలేయాలి. తెర నిండాలని సాగదీస్తే మన పెద్దల ముఖాలే మారిపోతాయి.

మిత్రులారా! వి.సి.ఆర్. యంత్రాల తయారీ 2016లోనే ఆగిపోయింది. టేపు మీది అయస్కాంత పూత ఏటికేడు చెడుతున్నది. మన ఇళ్ల అటకల మీద ఉన్న క్యాసెట్లలో పెళ్లికూతురు వెనక ఒక తోట, ఒక బావి, ఒక ముసలాయన నవ్వు ఉండవచ్చు. భూమి అమ్ముడుపోయినా ఆ బొమ్మ మన చేతిలో ఉంటుంది. ఈ సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్క క్యాసెట్‌ను సరైన లెక్కతో దించుకుందాం. ఎడిటింగ్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. దించడం మాత్రం ఇప్పుడే చేయాలి.