వచ్చే ఎండ, పోయే వేడి

అమ్మాయీ,

పెద్దారవీడు బడిలో తొమ్మిదో తరగతికి భూమి వేడెక్కడం గురించి చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగావు. తెల్ల ఎలుగుబంటి బొమ్మతో మాత్రం వద్దు. మన పిల్లలకు మంచు తెలీదు, ఎండ తెలుసు. వచ్చిన వేడి తిరిగి ఎలా పోతుందో మాత్రం వాళ్లకెవరూ చెప్పి ఉండరు. అక్కడ పట్టుకో.

రెండు మార్కాపురం పలకలు తెప్పించు. బళ్లలో వాటి వాడకం తగ్గినా, ఫ్యాక్టరీల దగ్గర ముక్కలు దొరుకుతాయి. ఒకదానికి సున్నం పూయించి, రెండోదాన్ని నల్లగానే ఉంచి, మధ్యాహ్నం ఎండలో అరగంట పెట్టించి తాకి చూడమను. సున్నం పలక వచ్చిన వెలుగులో చాలా భాగం తిప్పికొడుతుంది. ఇళ్ల పైకప్పులు చల్లగా ఉండాలని 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం కిటుకు కూడా ఇదే. ఇక భూమి జమాఖర్చు చెప్పు. చదరపు మీటరుకు సగటున 340 వాట్ల ఎండ పడితే మేఘాలు, మంచు, ఇసుక వగైరా కలిసి 100 దాకా వెనక్కి పంపేస్తాయి. మిగతా 240 జమ. అంతా మళ్లీ కంటికి కనపడని పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి ఖర్చయితేనే ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది.

పగటి కంటే రాత్రి మీద ఎక్కువసేపు ఉండు. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి మిద్దె మీద పడుకుంటే తెల్లారేసరికి వణుకు పుడుతుంది. మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. రెండు రాత్రులూ సూర్యుడు లేడు కదా, మరి తేడా ఎక్కడిదని అడుగు. జవాబు వాళ్లే వెతుక్కోవాలి, తొందరపడి నువ్వు చెప్పకు. మబ్బూ, గాలిలోని ఆవిరీ పైకి పోయే వేడిని పట్టుకుని కొంత కిందికే వదులుతాయి. కార్బన్ డయాక్సైడ్ చేసేదీ అదే. కాకపోతే మబ్బు రేపటికి పోతుంది, ఇది వందల ఏళ్లు ఉంటుంది.

ఈ వాయువుల్ని దొంగల్లా చూపించకు. అవి లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు కాదు, మైనస్ 18 దగ్గర ఉండేది. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది, గొడవంతా అది. దాంతో జమ కంటే ఖర్చు చదరపు మీటరుకు సుమారు ఒక వాట్ తగ్గింది. ఒక్క వాటేనా అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. భూగోళమంతటా, రాత్రింబవళ్లు, ఏళ్ల తరబడి అని చెప్పు. అలా మిగిలిపోయే వేడిలో తొంభై శాతం సముద్రం తాగేస్తోంది.

ఇక మన ప్రాంతం సంగతి. మేలో కోనసీమ కంటే మనకెందుకంత మంట? వాళ్లకు సముద్రం దగ్గర, అదొకటి. తడి నేల మరొకటి. అక్కడ ఎండలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. మన చేలల్లో ఏప్రిల్‌కల్లా తడి ఉండదు, ఆ శక్తంతా నేలనీ గాలినీ కాల్చడానికే. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు పారితే పొలాల దగ్గర మధ్యాహ్నాలు కాస్త చల్లబడొచ్చు, ఉక్క పెరగనూవచ్చు. అలాగని ప్రతి కరువునూ కార్బన్ ఖాతాలో రాయించకు. ఇక్కడ నీటికి ఎప్పుడూ కటకటే. ఊరికే కట్టలేదు విజయనగర రాజుల కాలంలో కంభం చెరువు.

ఈ పరిశోధనలో మనవాళ్లెవరైనా ఉన్నారా అని ఎవరో ఒకరు అడుగుతారు. వీరభద్రన్ రామనాథన్ పేరు చెప్పు. ఆయన తొలి ఉద్యోగం సికింద్రాబాద్‌లో, ఫ్రిజ్‌ల పరిశ్రమలో. శీతలీకరణ వాయువు ఎందుకు కారిపోతోందో చూడటం ఆయన పని. తర్వాత అమెరికా వెళ్లి, అదే జాతి వాయువులు అణువుకు అణువు లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే వేల రెట్లు వేడిని ఆపుతాయని 1975లో తేల్చారు. మెకానిక్ అవుతానంటున్న పిల్లాడు ఉంటే, ఈ సంగతి వాడికి ప్రత్యేకంగా చెప్పు.

ఆ రాత్రుల తేడా కొలవడానికి బడిలో థర్మామీటరు లేకపోతే మార్కాపురంలో కొను. సాయంత్రం ఆరింటికీ తెల్లవారి ఆరింటికీ ఉష్ణోగ్రత పిల్లలతోనే రాయించు, పక్కన మబ్బు ఉందా లేదా అని ఒక గడి పెట్టించు. థర్మామీటరును గోడకు మాత్రం తగిలించొద్దు. పగలంతా కాగిన గోడ రాత్రి ఆ వేడిని వదులుతుంది, నీ లెక్క చెడుతుంది.

పెద్దనాన్న