బడి ల్యాప్‌టాప్ తాళం ఎవరి దగ్గరుంది?

చెల్లాయిలూ, అమెరికాలో ఉన్న మన ఆడపిల్లలు ఫోన్ చేస్తే ఈమధ్య తరచూ వినే మాట ఒకటుంది. "బళ్లో ఇచ్చిన క్రోమ్‌బుక్‌లో ఏదీ తెరుచుకోదక్కా! యూట్యూబ్ రాదు, ఆటలు రావు, పిల్లాడు ఒకటే గొడవ."

నాకైతే ఆ తాళం మీద కోపం లేదు. పదేళ్ల పిల్ల చేతికి ఇంటర్నెట్ అంతా ఇచ్చేసి లెక్కలు చేసుకోమంటే చేసుకుంటుందా? అక్కడ 2000లోనే చట్టం చేశారు. ఇంటర్నెట్ ఖర్చుకి ప్రభుత్వ రాయితీ తీసుకునే బడి, బూతు బొమ్మలు పిల్లల కంట పడకుండా అడ్డుకట్ట వేసి తీరాలి. పైగా ఆ యంత్రం బడి పేరున నమోదై ఉంటుంది. మొత్తం చెరిపేసి కొత్తగా మొదలుపెట్టినా మళ్లీ బడి అదుపులోకే పోతుంది. తాళం తీసే కిటుకులు పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు, మీరు మాత్రం దానికి వంత పాడకండి. ప్రాజెక్టుకి కావలసిన సైటు రాకపోతే దాని అడ్రసు రాసి టీచరుకి పంపండి. ఆ ఒక్కటీ తెరిచిపెట్టడం బడి కంప్యూటర్లు చూసే అడ్మిన్‌కి పెద్ద పనేం కాదు.

నా బెంగ వేరే ఉంది. తాళం వేసినవాళ్లు లోపలికి తొంగి చూడగలరా అని.

పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా పక్కనే లోయర్ మెరియన్ అని ఒక ఊరుంది. అక్కడి బడులవాళ్లు హైస్కూలు పిల్లలందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. దొంగతనం జరిగితే పట్టుకోవడానికని వాటిలో ఒక ప్రోగ్రాం పెట్టారు. దాన్ని దూరం నుంచే ఆన్ చేస్తే పావుగంటకోసారి కెమెరా ఫొటో తీసి బడికి పంపుతుంది. ఈ సంగతి పిల్లలకీ చెప్పలేదు, తల్లిదండ్రులకీ చెప్పలేదు! 2009 నవంబరులో ఒక అబ్బాయిని పిలిచి, నువ్వు ఇంట్లో తప్పు పని చేస్తున్నావని నిలదీశారు. ఆ కెమెరా ఫొటో చూసి అతను మాత్రలు మింగుతున్నాడని వాళ్ల అనుమానం. అవి మిఠాయి బిళ్లలని ఇంటివాళ్లు మొత్తుకున్నారు. 2010లో కోర్టుకెక్కారు. విచారించి చూస్తే వేలకొద్దీ బొమ్మలు బయటపడ్డాయి. తన గదిలో నిద్రపోతున్న పిల్లవాడి ఫొటో కూడా ఉంది వాటిలో. చివరికి 6,10,000 డాలర్లకి రాజీ కుదిరింది. ఆడపిల్లల్ని కన్న తల్లులం, ఆ ల్యాప్‌టాప్ తెరిచి ఉన్న గదిలో మన బిడ్డ బట్టలు మార్చుకుంటూ ఉంటే? నాకు గుండె దడ వచ్చింది.

ఇంకో మాట చాలామందికి తెలియదు. పిల్లలు ఇంట్లోని కంప్యూటర్లో బడి ఖాతాతో క్రోమ్‌లోకి వెళ్తే, బడి ఆంక్షలు అక్కడికీ వస్తాయి. పైన మూడు చుక్కలు నొక్కితే, అడుగున ఈ బ్రౌజరు ఒక సంస్థ అజమాయిషీలో ఉందని కనిపిస్తుంది. అందుకే బడి ఖాతాకి వేరే ప్రొఫైల్ పెట్టండి. మీ బ్యాంకు పనులు, డాక్టరు రిపోర్టులు అందులో తెరవకండి.

ఇది అక్కడివాళ్ల గొడవేలే అనుకోకండి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చారు. పాఠాలు తప్ప అక్కర్లేనివి రాకుండా కట్టుదిట్టం చేశామన్నారు. మంచిదే. కానీ ఆ కట్టుదిట్టం ఎలాంటిదో, ఎవరి చేతిలో ఉందో కూలికెళ్లే తల్లిని కూర్చోబెట్టి చెప్పాలి కదా? బిడ్డ ఆమెది.

కాబట్టి బడివాళ్లు కాగితాలిచ్చి సంతకం పెట్టమన్నప్పుడు తొందరపడకండమ్మా. కెమెరాని దూరం నుంచి తెరవగలరా, తెరిస్తే మాకు చెబుతారా, బడి వదిలాక కూడా పిల్లలు చూసేదంతా మీకు కనిపిస్తుందా, ఆ లెక్కలు ఎన్నాళ్లు దాస్తారు అని అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. ఇంగ్లీషులో తడబడతామని వెనకాడొద్దు. తెలుగు వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టమనండి, కూర్చోబెట్టేదాకా సంతకం ఆపండి.