ప్రాజెక్టు కొనుక్కోవచ్చా?

ప్రశ్న: సీఎస్‌ఈ ఫైనలియర్. మా బ్యాచ్‌లో చాలామంది ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనేస్తున్నారు. కోడు, రిపోర్టు, పీపీటీ అన్నీ వాళ్లే ఇస్తారట. నేనూ కొంటే నష్టమేంటి?
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాలేజీ వైవా గట్టెక్కొచ్చు. చిక్కంతా ఇంటర్వ్యూలో. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు కనపడగానే ప్యానెల్ అక్కడే పట్టుకుంటుంది. 'ఈ టేబుల్‌కు ప్రైమరీ కీ ఏది? ఫోన్ నంబరెందుకు పెట్టారు? తండ్రీ కొడుకూ ఒకే నంబరిస్తే?' కొనుక్కొచ్చిన వాళ్లకు ఈ మూడో ప్రశ్న దగ్గర నోరు పెగలదు.

అంతకన్నా ఊళ్లో పాలకేంద్రం లెక్కలు చూసే చిన్న అప్లికేషన్ రాసుకోవడం నయం. రైతు నంబరు, తేదీ, లీటర్లు, వెన్న శాతం, పదిహేను రోజులకోసారి బిల్లు... పైకి ఇంతే. దిగితే తెలుస్తుంది లోతు. ఒకే రైతు పొద్దునా సాయంత్రం పాలు పోస్తాడు కాబట్టి రైతు నంబరూ తేదీ కలిపినా కీ సరిపోదు, పూట కూడా చేర్చాలి. అదే పూట ఆవుపాలు వేరుగా, గేదెపాలు వేరుగా పోస్తే? మళ్లీ మార్చాలి. నిన్నటి కొలత తప్పు పడిందని దిద్దమంటే, పాత అంకె చెరిపేయాలా, ఉంచాలా? ఈ తంటాలన్నీ పడ్డ కుర్రాడు ఇంటర్వ్యూలో అరగంటైనా తడుముకోకుండా మాట్లాడతాడు.

ఆ మార్పులన్నీ మొదటి రోజు నుంచే గిట్‌లో పెట్టాలి. లైనక్స్ కెర్నెల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసుకున్న సాఫ్ట్‌వేర్ అది. ఏ రోజు ఏ లైను మారిందో అందులో నమోదై ఉంటుంది. ఒక్క రాత్రిలో వేల లైన్లు వచ్చిపడితే, అది ఎక్కడిదో ప్యానెల్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: పైథాన్, జావా, క్లౌడ్ తలా కొంచెం వచ్చు. ఇంకో కోర్సులో చేరనా?
- ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: వద్దు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కోర్సుల పేర్లు మారుతూనే ఉంటాయి. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్స్, ఇప్పుడు ఏఐ. ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో మాత్రం నేటికీ అర్రేలు, లింక్డ్ లిస్టులు, ఎస్‌క్యూఎల్ జాయిన్లే ముందుకొస్తాయి.

అవన్నీ సెకండియర్‌లోనే అయిపోయాయి అనుకునేవారు బైనరీ సెర్చ్ సంగతి వినాలి. మధ్య స్థానం కోసం రెండు చివరలనూ కూడి రెండుతో భాగించడం మామూలు పద్ధతి. జావా లైబ్రరీలోనూ అలాగే ఉండేది. ఆ మొత్తం 214,74,83,647 దాటితే ఇంట్‌లో పట్టదు, రుణసంఖ్యగా మారి ప్రోగ్రాం ఆగిపోతుంది. అర్రేలో వంద కోట్లకు పైగా అంకెలుంటే తప్ప బయటపడని తప్పు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. ఆ కోడు రాసిన జాషువా బ్లాకే 2006లో ఈ కథంతా చెప్పారు. చివరల తేడాను సగం చేసి మొదటిదానికి కలిపితే సరి. మరి అలా చేస్తే ఎందుకు సరిపోతుందో కాగితం మీద వేసి చూపించగలరా? లేకపోతే ఫీజు కట్టే ముందు ఆ పని చూడాలి. పాఠాలే కావాలంటే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకులవి ఉచితంగానే ఉన్నాయి.

ప్రశ్న: మావాడికి క్యాంపస్‌లో ఆఫరొచ్చింది. గేట్ రాస్తాను, ఉద్యోగం వద్దంటున్నాడు. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఒకటి కోసం ఇంకొకటి వదులుకోవాల్సిన పనిలేదు. గేట్ స్కోరు ఫలితాలొచ్చిన నాటి నుంచి మూడేళ్లు చెల్లుతుంది. 3 గంటలు, 100 మార్కులు. అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి. ఇంజనీరింగ్ మూడో ఏడాది నుంచే రాయొచ్చు. ముందు ఫైనలియర్‌లో ఉండగానే ఒకసారి రాయించండి. మంచి ర్యాంకొస్తే ఎంటెక్ సంగతి చూసుకుంటాడు, లేదంటే ఉద్యోగంలో చేరి వచ్చే ఏడాది మళ్లీ రాస్తాడు. కాకపోతే ఆఫర్ లెటర్‌లో సర్వీస్ బాండు ఉందేమో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో సంతకానికి ముందే ఇద్దరూ కూర్చుని చదవండి.