మీ లక్కా పావురం దేశీదా, ఇంగ్లీషుదా?

ప్రశ్న: మిద్దె మీద పావురాలు పెంచుతున్నాను. ఇంగ్లీషు లక్కా అని చెప్పి ఒక తెల్ల జతను అమ్మారు. చూసినవాళ్లు దేశీ లక్కాలే అంటున్నారు. రెండింటికీ విసనకర్ర తోకే కదా, తేడా ఎట్లా కనిపెట్టేది?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: ముందు తోకను పక్కన పెట్టండి, తికమకంతా అక్కడే. మామూలు పావురం తోకలో 12 ఈకలుంటే, లక్కాల్లో సాధారణంగా 30 దాకా, ఇంకా ఎక్కువే ఉంటాయి. రంగునూ నమ్మొద్దు, తెలుపు రెండింటిలోనూ ఉంది. పొద్దుటి వెలుతురులో, చేత పట్టకుండా, నేల మీద తిరుగుతుండగా ఇవి చూడండి.

తల: దేశీదానికి వెనక చిన్న జుట్టు ఉంటుంది. ఇంగ్లీషుదానిది నున్నటి తల.

కాళ్లు: దేశీదానికి వేళ్ల దాకా ఈకలు. ఇంగ్లీషుదానివి ఎర్రటి బోడి కాళ్లు.

నిలబడే తీరు: ఇంగ్లీషుది చిన్నది, గుండ్రన. రొమ్ము ఎగదన్ని, తలను వెనక్కి వంచి తోకకు ఆనిస్తుంది. దేశీది పెద్దది, తలను అంతగా వాల్చదు.

జుట్టు లేకుండా కాళ్లకు అరకొర ఈకలుంటే సంకరం కావచ్చు. పిల్లలైతే మొదటి ఈకలు రాల్చి కొత్తవి వచ్చేదాకా తేల్చకండి. అప్పటికీ అనుమానముంటే, రెండు రకాలూ పెంచే అనుభవజ్ఞుడికి పక్షినే చూపించండి, ఫోటో చాలదు.

ఇంగ్లీషు లక్కా మెడ సన్నగా వణకడం జాతి లక్షణమే. మెడ మెలితిరిగినా, గింజకు గురి తప్పి పొడుస్తున్నా, పచ్చగా నీళ్ల రెట్ట వేస్తున్నా జబ్బని అనుమానించాలి. దాన్ని వేరే గూట్లో పెట్టి, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.