వన్యమృగముల యెదుట అభయము

భగవద్గీత పదునారవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు దైవీసంపదలను లెక్కించుచు మొట్టమొదట అభయమును పేర్కొనెను. చిత్తశుద్ధి, దానము, ఇంద్రియనిగ్రహము, అహింస, సత్యము మొదలగున వన్నియు దాని తరువాతనే వచ్చుచున్నవి. పారాయణము చేయువారు ఈ మొదటిమాటను దాటి ముందునకు సాగిపోవుట సులభము. కాని ఆ అభయ మెట్టిది? తలుపులు మూసికొని జపమునకు కూర్చున్నపుడు కలుగు నిశ్చింతయేనా? లేక పులి యెదుట, మొసలి నోట, పడగ విప్పిన త్రాచు ముందర కూడ నిలువగల దొకటి కలదా?

మనుష్యుల యెదుట మనము ధైర్యమును నటింపవచ్చును. మృగము నెదుట నటన సాగదు. దానికి మన పాండిత్యము తెలియదు. మన పదవులు, బిరుదులు తెలియవు. ఆ క్షణమున మనయందు నిజముగా నున్నదేదో అదియే బయటపడును. కావున అట్టి సంఘటనలు కొన్నింటిని పరిశీలించినచో భయ మెచ్చట పుట్టుచున్నదో, వివేక మెచ్చట అవసరమో, అభయమనగా నేమో తెలిసికొనుటకు వీలు కలుగును.

పరుగెత్తువానిని తరుముట

స్వామి వివేకానందులు కాశీలో నున్నపుడు జరిగిన సంఘటన యొకటి పాఠకులలో పెక్కుమంది యెరిగినదే. ఆయన స్వయముగా దానిని అమెరికాలో చెప్పియుండిరి. ఒక ప్రక్క పెద్ద చెరువు, మరియొక ప్రక్క ఎత్తైన గోడ. నడుమనున్న దారిలో కోతులగుంపు ఆయనను చుట్టుముట్టినది. అవి అరచుచు కాళ్ళను పట్టుకొనసాగినవి. స్వామి పరుగెత్తిరి. ఆయన ఎంత వేగముగ పరుగెత్తిన కోతులు నంత వేగముగ వెంటబడి కరవజొచ్చినవి. ఇక తప్పించుకొనుట అసాధ్యమని తోచిన సమయమున అపరిచితు డొకడు, పారిపోవలదు, వానిని ఎదుర్కొనుమని కేకవేసెను. స్వామి వెనుకకు తిరిగి వానికి అభిముఖముగా నిలిచిరి. కోతులు ఆగినవి, వెనుకకు తగ్గినవి, తుదకు పారిపోయినవి. ఇది జీవితమంతటికిని పనికివచ్చు పాఠమని స్వామి శ్రోతలకు బోధించిరి.

ఇందులో మృగస్వభావమునకు సంబంధించిన సత్యము కూడ కలదు. వేటాడు జంతువులలో పెక్కింటికి పరుగెత్తుచున్న ఆకారము, త్రిప్పిన వీపు వేటకు పిలుపువంటివి. పులి సాధారణముగా ఎదురుగా రాదు. వెనుకనుండియో ప్రక్కనుండియో మీదపడును. ఈ సంగతి నెరిగియే 1986 ప్రాంతమున వంగదేశపు సుందరవనములలో తేనెకు, కట్టెలకు అడవిలోనికి పోవువారికి తలవెనుక తగిలించుకొనుటకై మనుష్యముఖముల ముసుగుల నిచ్చిరి. ముసుగు ధరించినవారిని పులులు కొంతకాలము ముట్టలేదు. తరువాత ఆ ఉపాయము మునుపటివలె పనిచేయలేదని చెప్పుదురు. మన మనస్సులో తిరుగు మృగముల విషయమును ఇట్టిదే. రోగభయము, అపకీర్తిభయము, మరణభయము అను వానికి వీపు చూపి పరుగెత్తినకొలది అవి వెంటాడును. మనము ధరించు ధైర్యపు ముసుగు కొంతకాలము మాత్రమే కాపాడును. నిజముగా వెనుకకు తిరిగి చూచినవానికే ఆ భయముయొక్క కొలత తెలియును.

అయినను ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. కోతుల యెదుట సఫలమైనది ప్రతి జంతువు నెదుట సఫలము కానేరదు. ఎదుర్కొనుట యనగా ప్రతి ప్రమాదమునకును రొమ్ము విరుచుకొని నిలుచుట యని తలచువాడు అభయమును సాహసముతో కలిపివేయుచున్నాడు.

మావటివాని మాట

ఈ భేదమును శ్రీరామకృష్ణులు ఒక చిన్నకథలో స్పష్టపరచిరి. సర్వమును నారాయణస్వరూపమని గురువు బోధించెను. శిష్యుడు దారిని పోవుచుండగా మదించిన ఏనుగు ఎదురువచ్చినది. తప్పుకొమ్మని మావటివాడు కేకలు వేయుచున్నను, ఏనుగు నారాయణుడే గదా యని శిష్యుడు కదలక నిలిచి స్తోత్రము చేసెను. ఏనుగు వానిని తొండముతో పట్టి విసరివేసెను. తెలివి వచ్చిన తరువాత వాడు గురువుతో తన సందేహమును చెప్పుకొనగా గురువు, నాయనా, ఏనుగు నారాయణుడే. కాని మావటి నారాయణుడు నీకు హెచ్చరిక చేసెను గదా, ఆయన మాట ఏల వినవైతివి అని ప్రశ్నించెను.

గీత ఐదవ అధ్యాయమున బ్రాహ్మణుని, గోవును, ఏనుగును, కుక్కను జ్ఞానులు సమముగా చూతురని చెప్పబడినది. సమముగా చూతురనియే గాని, అన్నింటితో ఒకేరీతిగా వర్తింతురని చెప్పబడలేదు. దృష్టి యొకటి, వ్యవహారము వేరొకటి. దృష్టిలో ఏకత్వము నిలుపుకొని వ్యవహారమున ఎచ్చట నుండవలసిన దూరము నచ్చట పాటించుటయే వివేకము.

నేడు మావటి నారాయణుడు అనేకరూపములతో మాటలాడుచున్నాడు. అడవిని కాపాడు ఉద్యోగి నోట, గ్రామమునందలి పెద్దల నోట, వైద్యుని నోట పలుకునది ఆయనయే. ఏనుగు కనబడినపుడు దగ్గరకు పోయి ఫోటో తీయబోవుట ధైర్యము కాదు. చూచినంతనే దూరముగ తొలగుట బుద్ధిమంతుల లక్షణము. పులి కనబడినచో పరుగెత్తక, దానికి వీపు చూపక, మెల్లగా వెనుకకు అడుగులు వేయవలెను. శ్రీకాకుళము జిల్లా ఉద్దాన ప్రాంతపు జీడితోటలలో ఎలుగుబంట్లు తిరుగుచుండును. ఎలుగుబంటి తరచుగా ఉలికిపడినపుడు మీదపడును గనుక, తెల్లవారుజామున ఒంటరిగా పోవుటకంటె నలుగురు కలిసి మాటలాడుకొనుచు పోవుట క్షేమము. పాము కనబడినచో వెనుకకు తగ్గి దానికి దారి విడువవలెను. పనిగట్టుకొని దానిని చంపబోవువారు తామే కాటునకు గురియగుట కద్దు.

నిజమునకు మన దేశమున పులికంటెను, ఏనుగుకంటెను ఎక్కువ ప్రాణములను హరించుచున్నది పాముకాటు. 2000 నుండి 2019 వరకు గల 20 సంవత్సరములలో సుమారు 12 లక్షలమంది, అనగా ఏటేట సగటున 58,000 మంది, పాముకాటువలన మరణించియుందురని 2020లో వెలువడిన యొక పరిశోధన అంచనా వేసినది. వీరిలో అత్యధికులు పల్లెలలోనివారు. కాటు పడినపుడు గాయమును కోయుట, నోటితో విషమును పీల్చుట, త్రాటితో బిగించి కట్టుట హానికరములు. నాటుమందులకు, మంత్రములకు తిరుగుచు గడపిన ప్రతి గడియయు ప్రాణాపాయమును పెంచును. ఉంగరములు, గాజులు తీసివేసి, కరచిన అవయవమును కదలనీయక, రోగికి ధైర్యము చెప్పి, విషమునకు విరుగుడు సూదిమందు దొరకు ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. రాత్రివేళ చేత దీపము, కాళ్ళకు చెప్పులు లేక పొలమునకు పోరాదు. భక్తుడు ఈ జాగ్రత్తలు తీసికొనుట విశ్వాసలోప మని తలపరాదు. మావటి మాటను పెడచెవిని పెట్టి దెబ్బతిన్న శిష్యుని యందు లోపించినది భక్తి కాదు, వివేకము.

సింహము నోట

జాగ్రత్త లన్నియు తీసికొనిన తరువాత కూడ ఆపద రావచ్చును. అపుడు లోపల నేమి జరుగును? దీనికి డేవిడ్ లివింగ్‌స్టన్ అను స్కాట్లండు దేశీయుని అనుభవము గొప్ప సాక్ష్యము. ఆయన 1844లో దక్షిణాఫ్రికాలోని మబోత్స అను చోట గ్రామస్థుల పశువులను చంపుచున్న సింహమును కాల్చెను. గాయపడిన సింహము ఆయన మీదికి దుమికి భుజమును కరచి పట్టుకొని, కుక్క ఎలుకను విదలించినట్లు విదలించెను. మెబల్వే అను ఆఫ్రికా దేశీయుడు ఆయనను రక్షింపబోగా సింహము అతనిని, పిమ్మట మరియొకనిని కరచి, తూటాలదెబ్బకు కూలినది. లివింగ్‌స్టన్ భుజపుటెముక నుగ్గయినది. చేతిపై 11 పండ్లగాట్లు పడినవి. 1873లో ఆఫ్రికాలో మరణించిన ఆయన దేహమును మరుసటియేట లండనులో గుర్తుపట్టినది ఆ విరిగిన ఎముకనుబట్టియే.

1857లో ప్రకటించిన గ్రంథమున ఆయన వ్రాసినది ఆశ్చర్యకరము. సింహము విదలించిన క్షణముననే తనను ఒక మైకమువంటి స్థితి ఆవరించినదనియు, జరుగుచున్నదంతయు తెలియుచున్నను బాధగాని భయముగాని లేకపోయెననియు, తలపై పంజా నుంచిన మృగమును నిశ్చింతగా చూడగలిగితిననియు ఆయన చెప్పెను. మృగముల వాత పడు ప్రాణులన్నింటికిని సృష్టికర్త ఏర్పరచిన దయ యిది యని ఆయన భావించెను. తీవ్రమైన ఆపదలో శరీరము తనకు తానే నొప్పిని అణచు ద్రవ్యములను విడుదల చేయునని నేటి శాస్త్రజ్ఞులు వివరించుచున్నారు.

దీనిని సమాధిస్థితి యని పొరపడరాదు. ఇది శరీరధర్మమే. అయినను సాధకు డిందుండి గ్రహింపదగినది కలదు. తెలివి అట్లే నిలిచియుండగా భయము తొలగిపోవచ్చును. అనగా భయము మన తెలివియొక్క స్వభావము కాదు. దానిపై వచ్చిపోవు మబ్బు మాత్రమే. లివింగ్‌స్టన్‌కు శరీరము కొన్ని క్షణములు ప్రసాదించిన ఆ దూరమును సాధకుడు ఏండ్లతరబడి చేయు అభ్యాసముచే సంపాదింప యత్నించును. గాజీపురపు పవహారీ బాబాను త్రాచు కరచినపుడు ఆయన మరణించెనని అందరును తలచిరి. కొన్ని గంటలకు తెలివి వచ్చి, అది ప్రియతముని యొద్దనుండి వచ్చిన దూత యని ఆయన పలికెను. ఆ మాట అప్పటికప్పుడు అల్లినది కాదు. ఎన్నో యేండ్ల సాధన ఆ క్షణమున మాటయై వెలువడినది. దానిని అనుకరించుట మన పని కాదు. దాని వెనుకనున్న సాధనను అనుసరించుట మన పని.

మొసలి నేర్పిన వేదాంతము

ఇక మన కాలమునకు దగ్గరగా జరిగిన సంఘటన. ఆస్ట్రేలియా దేశపు తత్త్వశాస్త్ర పండితురాలు వాల్ ప్లమ్‌వుడ్ 1985 ఫిబ్రవరిలో, తన 45వ యేట, ఆ దేశపు ఉత్తరభాగమందలి కకడూ జాతీయవనమున చిన్నపడవపై ఒంటరిగా పోవుచుండెను. వర్షము కురియుచుండెను. మొసలి యొకటి పడవను పదేపదే కొట్టెను. ఆమె ఒడ్డున వంగియున్న చెట్టుకొమ్మపైకి దుముకబోగా మొసలి నీటినుండి లేచి, తొడలనడుమ కరచి పట్టుకొని నీటిలోనికి లాగి గిరగిర త్రిప్పెను. అట్లు మూడుసార్లు జరిగెను. మూడవసారి పట్టు సడలగా ఆమె బురదగట్టున వ్రేళ్ళు గ్రుచ్చి గ్రుచ్చి పైకి ప్రాకెను. ఛిద్రమైన కాలితో గంటలకొలది నడచి, ప్రాకి, తుదకు అటవీరక్షకుల కంటబడి ప్రాణములు దక్కించుకొనెను.

తరువాత ఆమె తన అనుభవమును తాత్త్వికదృష్టితో విచారించెను. మొసలి పట్టుకొనిన క్షణమున ఆమెకు కలిగిన మొదటి భావము, ఇది నాకు జరుగదగినది కాదు, నేను కేవలము ఆహారమును కాను అను అవిశ్వాసము. ఆ అవిశ్వాసమే తన కన్ను తెరిపించినదని ఆమె వ్రాసెను. మానవుడు సర్వప్రాణులను ఆహారముగా భావించును గాని తానును ఆహారమేనని ఎన్నడును తలపడు. ప్రకృతికి వెలుపల, ఎత్తైన పీఠముపై తనను కూర్చుండబెట్టుకొనియున్నాడు. ఆ పీఠము ఆనాడు కూలినది.

ఈ మాటలు చదివినపుడు మనకు తైత్తిరీయోపనిషత్తు స్ఫురింపక మానదు. అన్నమును బ్రహ్మముగా తెలిసికొనుటతో విచారణ నారంభించిన ఆ ఉపనిషత్తు, ముగింపున జ్ఞానియొక్క ఆనందగానమును వినిపించుచున్నది. తానే అన్నమని, అన్నమును భుజించువాడును తానేయని ఆ జ్ఞాని పాడును. భోక్తను మాత్రమే నేనని తలచువానికి భయము తప్పదు, ఏలయన తనను భుజింపగల దేదో లోకమున నెప్పుడును ఉండును. రెండును ఒకే సత్యముయొక్క రూపములని తెలిసినవానికి భయమునకు చోటెక్కడ? బృహదారణ్యకమున ప్రజాపతి కూడ మొదట భయపడి, తనకంటె వేరొకటి లేనపుడు ఎవరివలన భయమని విచారించి నిర్భయుడయ్యెను.

మొసలి యనగానే తెలుగువారికి పోతనామాత్యుని గజేంద్రమోక్షణము జ్ఞప్తికి వచ్చును. గజేంద్రుడు వేయియేండ్లు తన బలముతో పెనుగులాడెను. బలమంతయు ఉడిగిన తరువాతనే ఆతని అహంకారము కరగి శరణాగతి కలిగెను. అయితే ఆ కథలో మనము తరచుగా మరచు భాగ మొకటి కలదు. శ్రీహరి చక్రముచే తెగినంతనే మకరికిని శాపము తొలగినది. దేవలుని శాపముచే మొసలియైన హూహూ అను గంధర్వుడు తన నిజరూపమును పొందెను. భగవంతుని కరుణ పట్టుబడినదానికే గాక పట్టుకొనినదానికిని లభించినది.

ప్లమ్‌వుడ్ విషయమున కూడ ఇట్టిదే జరిగినది. ఆమె ప్రాణముతో బయటపడిన వెంటనే అచ్చటికి పోయి మొసలిని చంపవలెనని కొందరు తలపెట్టిరి. ఆమె గట్టిగా వారించెను. దాని నివాసమునకు తానే పోతిని గాని అది తన యింటికి రాలేదని ఆమె వాదము. శరీరమునకు గాయములు మానకముందే ఈ మాట పలుకగలిగిన ఆ మనస్సు మనకు విచారింపదగినది. భయపడినవాడు పగ తీర్చుకొనగోరును. భయమును దాటినవాడు తనను బాధించినదాని పక్షమును కూడ చూడగలుగును.

సాధకునకు మిగులునది

ఈ సంఘటనలనుండి సాధకుడు గ్రహింపవలసిన పాఠములు మూడు. మొదటిది, భయమునకు వీపు చూపరాదు; దానిని తిరిగి చూచి దాని నిజస్వరూపమును తెలిసికొనవలెను. రెండవది, మావటి మాట వినవలెను. దేహమును రక్షించుకొనుట ధర్మసాధనమే గాని పిరికితనము కాదు. మూడవది, తన భయము తీరినంతనే తృప్తిపడరాదు. తననుండి ఇతర ప్రాణులకు కలుగు భయమును కూడ తొలగింపవలెను. సన్న్యాసి దీక్షాకాలమున సర్వభూతములకు అభయప్రదానము చేయును. గృహస్థుడు తనకు వీలైన మేరకు ఆ వ్రతమును పాటింపవచ్చును. దారి విడిచిన పాము, తరుమబడని కోతి, చావు తప్పిన మొసలి ఆ వ్రతమునకు ఫలములే. అభయమును కోరువాడు ముందు దానిని ఇచ్చుటకు అలవాటుపడవలెను. ఇచ్చుచు ఇచ్చుచు నుండగా అది తనయందే యున్నదని వానికి క్రమముగా తెలియవచ్చును.