లుబ్ధావధానులు: లోభమునకు నిలువుటద్దము

లోభమనగా ధనమును గూర్చుకొనుట మాత్రమే కాదు. కుటుంబమును బోషించువారందఱును పైకము లెక్కించుకొనవలసినదే. మనుష్యునకును వస్తువునకును గల భేదమును మఱచి, రెంటిని నొక్క త్రాసున దూచుటయే లోభము. ఈ దుర్గుణమును గల్పితపాత్ర ద్వారా బోధించుట సులభము. నిజమైన లోభిని పేరెత్తి నిందించినచో బంధువులు వాని పక్షము వహింతురు. కల్పితపురుషునకు బంధువులు లేరు గావున నందఱును నిర్భయముగా నవ్వుదురు. పిదప వాని పోలికలను దమ యింటనే గుర్తింతురు.

తెలుగున నట్టి పాత్రలలో ముఖ్యుడు గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’నందలి లుబ్ధావధానులు. ఈ నాటకము 1892లో విజయనగరమున బ్రదర్శింపబడి, 1897లో నచ్చుపడి, 1909లో బెంచి తిరుగ వ్రాయబడెను. మహారాజు ఆనందగజపతి సేకరింపజేసిన పట్టిక ననుసరించి, విశాఖపట్టణ మండలపు బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లకు 1034 శుల్కవివాహములు జరిగెనని గ్రంథకర్త తొలికూర్పు పీఠికలో దెలిపెను. ఏడాది ప్రాయపు శిశువులకు సైతము 350 మొదలు 400 రూపాయల వెల పలికెనట!

‘లుబ్ధ’ శబ్దమునకే లోభి యని యర్థము. వృద్ధుడగు నీతడు సుబ్బియను బాలికను 1800 రూపాయలకు గొన నిశ్చయించెను. ఆమె తండ్రి అగ్నిహోత్రావధానులు, పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యము ననుభవించుచుండ గన్నులార జూచుచునే, రెండవబిడ్డను బేరమున బెట్టెను. తల్లి బావిలో దూకినను జలింపడయ్యెను. అప్పుడు మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి, యంతకంటె దక్కువ వెలకు జూపెను. వెల తగ్గెనన్న సంతోషమున లుబ్ధావధానులు మఱేమియు విచారింపక పెండ్లాడెను. పెండ్లికూతురు మాయమైనంతనే హత్యానేరము వాని మెడకు జుట్టుకొనెను. తన్ను లోభియని యతడెన్నడు నెంచలేదు, జాగ్రత్తపరుడనని నమ్మెను. వానిని ముంచినది యా జాగ్రత్తయే.

ఆ కథ సముద్రతీరపు సీమది. మన మెట్‌పల్లి పసుపుపంటల సీమ. 1948 వఱకు నిజాము రాజ్యములోనిది. అయినను లుబ్ధావధానులను మన మెఱుగనివారము కాము. పసుపు బస్తాలో నెక్కువ తఱుగు దీయువాడు దానిని వ్యాపారధర్మమనును. గల్ఫుదేశములకు బోవు యువకునకు అధికవడ్డీకి అప్పిచ్చి, తల్లి పుస్తెలతాడు కుదువబెట్టించుకొనువాడు ఉపకారమనును. గట్టుతగవునకై పొలము వెలకు మించి వ్యయించు కక్షిదారుడు పౌరుషమనును. మా న్యాయవాదవృత్తి వారికి వీడు మిక్కిలి పరిచితుడు, అగ్నిహోత్రావధానుల వారసుడు. వరుని తండ్రి కట్నమును గొడుకు చదువునకైన ఖర్చనును.

నేడు కన్యాశుల్కము దాదాపు రూపుమాసినది. వరకట్నము దాని స్థానము నాక్రమించినది. పైకము నడచు దిక్కు మాఱినను బేరమునందలి వస్తువు బాలికయే. 1961 నాటి వరకట్న నిషేధచట్టము పుచ్చుకొనుటను, ఇచ్చుటను గూడ నేరముగా జేసినది. కాని సాక్ష్యము చెప్పవలసినవారే బేరమున గూర్చున్నపుడు చట్టమేమి చేయగలదు?

కావున జదువరులు తమ యింట సంబంధము మాటాడు దినమున మొత్తమును బలుకుటకు మునుపే యొక ప్రశ్న వేసికొందురు గాక: ఈ కూటమిలో నా బాలిక యభిప్రాయము నెవరైన నడిగితిరా? అడుగనిచో, మన నడుమ లుబ్ధావధానులు కూర్చుండియే యున్నాడు.