కొడైకెనాల్: దాని భూగోళము, దాని చరిత్ర

విద్యార్థులారా! వేసవి సెలవులు సమీపించినపుడు కొడైకెనాల్ అను పేరు మీలో పలువురు వినియుందురు. కొండపై చల్లనిగాలి, నడుమ ఒక కొలను, దానిపై పడవలు, చుట్టును పూలతోటలు. ఇంతమాత్రమే ఆ ఊరని తలంచువారు పెక్కుమంది. నేనును చిన్ననాట అట్లే తలంచితిని. కాని ఆ ఊరు విహారమునకై పుట్టినది కాదు. క్రిందనున్న మైదానములలో మనుష్యులను చంపిన జ్వరమొకటి, పొలములను ఎండబెట్టిన కరవొకటి, ఈ రెండే ఆ పట్టణ చరిత్రకు మూలములు. ఈ సంగతిని నిదానముగా పరిశీలింతము.

1. ఉనికియు శీతోష్ణస్థితియు

పడమటి కనుమల నుండి తూర్పునకు కొమ్మవలె చీలివచ్చిన కొండలకు పళని కొండలని పేరు. ఇవి తమిళదేశమునందు, తూర్పు పడమరలుగా సుమారు 65 కిలోమీటర్లు వ్యాపించియున్నవి. వాని దక్షిణపు అంచునకు సమీపమున, సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటర్ల ఎత్తున కొడైకెనాల్ కలదు. పూర్వము ఇది మధుర జిల్లాలోనిది. 1985లో ఆ జిల్లాను విభజించినప్పటి నుండి దిండిగల్లు జిల్లాకు చేరినది. ఊరిపేరునకు అర్థమును పలువురు పలువిధములుగా చెప్పుదురు.

మనము పైకి ఎక్కినకొలదియు గాలి చల్లబడునని మీరు చదివియున్నారు. ప్రతి వేయి మీటర్లకును సుమారు ఆరున్నర డిగ్రీల వేడిమి తగ్గును. ఈ లెక్కచొప్పున మధురలో 35 డిగ్రీల ఎండ కాయుచున్నపుడు ఈ కొండపై ఎంత వేడిమి ఉండవలెనో మీరే గణించి చూడుడు. ఇచట అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనముల వలన విస్తారముగా వర్షము కురియును. లోయలయందు దట్టమైన చిన్న అడవులును, వాని పైభాగమున పచ్చిక బయళ్లును పుట్టుచుండెను. ఈ అడవులను తమిళులు షోలలందురు. ఆ పచ్చికలయందు పండ్రెండేండ్ల కొకసారి నీలికురింజి పూచును; 2006లోను 2018లోను కొండలు నీలివర్ణము దాల్చినవి. తరువాతి కాలమున విదేశముల నుండి తెచ్చి నాటిన తుమ్మజాతి చెట్లును, నీలగిరి చెట్లును, దేవదారువంటి పైన్ వృక్షములును ఈ బయళ్లలో పెద్దభాగమును ఆక్రమించినవి.

2. తొలి నివాసులు

తెల్లవారు కనుగొనక పూర్వము ఈ కొండలు నిర్జనములని తలంపరాదు. పళియరులను ఆటవికులు తరతరములుగా ఇచట తేనె, వేళ్లు, దుంపలు సంపాదించుకొని జీవించిరి. వారికంటెను ప్రాచీనులైన జనుల రాతి సమాధులు ఈ కొండలలో పెక్కుచోట్ల నిలిచియున్నవి. 1821లో వార్డు అను సైనిక సర్వేదారు ఈ కొండలను కొలిచినపుడు వెళ్లగవి యను పల్లెయందు బస చేసెను. పల్లె ఉన్నది గనుకనే బస దొరకెను గదా!

3. జ్వరము కట్టించిన ఊరు

1834లో అమెరికా మిషనువారు మధురయందు పని ఆరంభించిరి. కొలది సంవత్సరములలోనే జ్వరముల చేతను, కలరా చేతను వారిలో కొందరు మరణించిరి. చిన్నబిడ్డలు, తల్లులు సమాధుల పాలైరి. అంతట వారు చల్లని స్థలమును వెదకుచు మొదట సిరుమలై కొండలపై ఇండ్లు కట్టుకొనిరి. అవి తగినంత ఎత్తు కానందున జ్వరము అచటికిని వచ్చెను. పిమ్మట పళని కొండలెక్కి 1845లో రెండు బంగళాలను నిర్మించిరి. వానికి సన్నీసైడు, షెల్టన్ అని పేర్లు. కొడైకెనాల్ పట్టణమునకు ఇదియే ఆరంభము.

ఆనాడు కొండకు బండిబాట లేదు. పెరియకుళము వైపున కొండ అడుగున కృష్ణమనాయకుని తోపు అను చోటినుండి ప్రయాణికులు గుఱ్ఱములపైననో, బోయీలు మోయు కుర్చీలలోనో నిటారుగానున్న కాలిబాటను ఎక్కుచుండిరి. ఆ తోపు పేరు తెలుగువారికి పరిచితముగా తోచుటలో వింత లేదు. మధురనేలిన నాయకరాజుల మాతృభాష తెలుగే. 1875లో మధురకు రైలుమార్గము వచ్చెను. మోటారుబండ్లు పోదగిన ఘాటురోడ్డు 1916 ప్రాంతమున గాని సిద్ధము కాలేదు. అంతవరకును పెట్టెలు, బియ్యము, పసిబిడ్డలు, రోగులు అందరును మనుష్యుల భుజములమీదనే పైకి చేరిరి.

ఈ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు, “అయ్యా, మోసిన బోయీలకు జ్వరము వచ్చినపుడు వారెక్కడికి పోయిరి?” అని నన్నడిగెను. నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. వారు తిరిగి తోపునకు దిగిరి; జ్వరముండు చోటనే కాపురముండిరి. కొండ ఎక్కగలవారిని కొండ కాపాడెను. మోసినవారిని కాపాడలేదు.

4. జ్వరమునకు కారణము

1845లో జ్వరము చెడుగాలి వలన వచ్చునని వైద్యులు నమ్మిరి. చల్లనిగాలియే ఔషధమని తలంచిరి. వారి అనుభవము సత్యమే గాని వారి కారణము సత్యము కాదు. అసలు కారణము తెలిసినది మన తెలుగుదేశముననే. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు, రోగి రక్తమును త్రాగిన దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొనెను. ఈ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. వేడిమి 16 మొదలు 18 డిగ్రీలకంటె తక్కువయైన చోట ఆ క్రిమి దోమలో పెరుగజాలదు. కొడైకెనాల్ సగటు వేడిమి సుమారు 15 డిగ్రీలు. కొండపై జ్వరము లేకపోవుటకు రహస్యమిదియే. ఈ రహస్యము తెలిసిన పిదప కొండ ఎక్కనివారును నిలిచిన నీటిని తొలగించి, దోమతెరలు కట్టుకొని తమ్మును కాపాడుకొన గలిగిరి.

5. కొలను

కొడైకెనాల్ కొలను స్వయముగా ఏర్పడినది కాదు. 1863లో మధుర కలెక్టరగు వీర్ హెన్రీ లెవింజ్ ఒక పల్లపు లోయలోని ఏటికి అడ్డముగా కట్ట వేయించి దీనిని ఏర్పరచెను. తూత్తుకుడి నుండి మొదటి పడవను తెప్పించినదియు ఆయనయే. కొలను వైశాల్యము సుమారు 24 హెక్టారులు. నక్షత్రమువలె పలు పాయలుగా చీలియుండును. చుట్టునున్న బాట పొడవు సుమారు 5 కిలోమీటర్లు. దీనినుండి పొరలిన నీరు ఘాటురోడ్డు ప్రక్కన వెండిధారవలె రాతిపై దూకును. మనుష్యుడు కట్టినదానిని మనుష్యుడే కాపాడవలెను. చుట్టునున్న ఇండ్ల మురికినీరు ఎక్కడికి పోవునో, ఆ ఊరి నీటి గతియు అంతే.

6. కరవు కట్టించిన వేధశాల

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున ఘోరమైన క్షామము కలిగెను. దీనినే మన పెద్దలు ధాత కరవందురు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి బాధపడినవి. లక్షలకొలది జనులు నశించిరి. వర్షములు ఏల తప్పినవి? ముందుగా తెలిసికొను ఉపాయము కలదా? సూర్యబింబముపై కనబడు మచ్చల హెచ్చుతగ్గులకును వర్షములకును సంబంధముండునని ఆనాటి శాస్త్రజ్ఞులు కొందరు ఊహించిరి. క్షామ విచారణ సంఘమువారు సూర్యుని నిత్యము పరిశీలింపవలెనని చెప్పిరి. నిర్మలమైన ఆకాశముగల చోటును మిచీ స్మిత్ అను పండితుడు వెదకగా, తుదకు కొడైకెనాల్ ఎన్నుకొనబడెను. 1895లో పునాదిరాయి వేయబడినది. 1899లో వేధశాల నెలకొన్నది. 1901లో పరిశీలనలు ఆరంభమైనవి.

సూర్యుని మచ్చలను చూచి మన కరవును ముందుగా చెప్పగల సూత్రము వారికి దొరకలేదు. అయినను శ్రమ వ్యర్థము కాలేదు. 1909 జనవరిలో జాన్ ఎవర్‌షెడ్ అను శాస్త్రజ్ఞుడు, సూర్యుని మచ్చల అంచులయందు వాయువులు నడుమనుండి వెలుపలికి ప్రవహించుచున్నవని ఇచటనే కనుగొనెను. లోకమంతటను అది ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. 1960లో ఈ వేధశాలకు అధిపతియైన వైను బప్పు హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివినవాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసెను. నూరేండ్లకు పైబడి తీసిన సూర్యుని ఛాయాచిత్రములు ఆ వేధశాలలో భద్రపరచబడియున్నవి. ఒక ప్రశ్నకు ఉత్తరము దొరకకున్నను, ఓపికతో వ్రాసియుంచిన లెక్క మరియొక ప్రశ్నకు ఉపకరించును.

7. పాఠశాలయు, ఒక హెచ్చరికయు

1901లో మిషనరీల పిల్లల కొరకు ఇచట పాఠశాల తెరవబడెను. తెలుగుదేశమున పనిచేసిన మిషనరీల బిడ్డలును అచట చదివిరి. నేడది పలుదేశముల బాలబాలికలు చదువు విద్యాలయము.

ఇటీవలి చరిత్రలో ఒక విచారకరమైన సంగతి కూడ చెప్పవలెను. 1980 తరువాత ఈ ఊరిలో థర్మామీటర్లు చేయు కర్మాగారమొకటి నడచినది. దాని పాదరసపు వ్యర్థములు నేలను చెరచినవని బయలుపడి 2001లో అది మూతపడెను. అచట పనిచేసినవారికి పరిహారము 2016లో గాని కుదరలేదు. జ్వరమునుండి తప్పించుకొని కట్టుకొన్న ఊరిలో, జ్వరమును కొలుచు పరికరమే విషమునకు హేతువయ్యెను. పనిచేసినవాని క్షేమమును మరచినచోట మంచి వస్తువైనను కీడు తెచ్చును.

8. ముగింపు

ఈ పాఠమువలన మనము గ్రహింపవలసినదేమి? బాధ కలిగినపుడు మనుష్యులు రెండు పనులు చేయుదురు. ఒకటి, బాధలేని చోటికి పోవుట. రెండవది, బాధకు కారణమును వెదకుట. మొదటిది దోషము కాదు. తల్లి తన బిడ్డను కాపాడుకొనుట ధర్మమే. కాని దానివలన కొందరికే మేలు. రెండవది బోయీల గుడిసెవరకును పోవును. ఆ బాలుని ప్రశ్నకు నేను ఆలస్యముగా ఇచ్చుచున్న ఉత్తరమిదియే. మీలో ఎవరైనను ఎన్నడైనను ఆ కొలను గట్టున నడచినయెడల, చల్లనిగాలితోపాటు ఈ సంగతిని కూడ జ్ఞాపకము చేసికొందురు గాక.

అభ్యాసము

1. మధురలో 35 డిగ్రీల వేడిమియున్నపుడు కొడైకెనాల్‌లో సుమారు ఎంత యుండును? మధుర సముద్రమట్టమునకు 100 మీటర్ల ఎత్తున నున్నదని గైకొనుడు.
2. పళని కొండల పటమును గీచి, పెరియకుళము, పళని, దిండిగల్లు, మధురలను గుర్తింపుడు.
3. ధాత కరవును గూర్చి మీ ఇంటి పెద్దలు తమ పెద్దలవలన వినిన కథలను అడిగి వ్రాసి తెండు.
4. మీ వీధిలో నీరు నిలుచు చోట్లను లెక్కించి, వానిని తొలగించు మార్గమును తెలుపుడు.